తక్కువ బడ్జెట్‌లో స్టాక్ క్లాస్ ఎడారి రేసు ట్రక్కు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా నైరుతి ఎడారుల్లోనూ, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలోనూ జరిగే ఆఫ్‌రోడ్ రేసుల్లో స్టాక్ క్లాస్ ట్రక్కుతో దిగాలనుకునేవాళ్ల కోసం ఈ పేజీ. స్పాన్సర్లు లేకుండా, జీతంలోంచి మిగిల్చిన డబ్బుతో, ఇంటి గ్యారేజీలో వారాంతాల్లో పని చేసుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. ప్రతి జవాబులోనూ నేను చూసేది ఒక్కటే: ఈ ఖర్చు ట్రక్కును ఫినిష్ లైన్ దాకా చేర్చడానికి పనికొస్తుందా, లేదా?

స్టాక్ క్లాస్ అంటే షోరూమ్ నుంచి వచ్చిన బండిని వచ్చినట్టే నడపడమా?

కాదు. కంపెనీ ఇచ్చిన ఛాసీ, బాడీ ఆకారం, ఇంజిన్ బ్లాక్, సస్పెన్షన్ రకం, దాన్ని బిగించే స్థానాలు మాత్రం అలాగే ఉండాలి. షాక్ అబ్జార్బర్లు (కింద షాకులు అన్నది వీటినే), స్ప్రింగులు, సీట్లు, పెట్రోల్ ట్యాంకు లాంటివి మార్చుకోనిస్తారు. భద్రత సామగ్రి మాత్రం పూర్తిగా రేసుదే ఉండాలి, అందులో స్టాక్ అనే మాటే లేదు.

పోలిక కోసం ఎడారి రేసుల్లో అన్నిటికంటే పై క్లాసు బండి, ట్రోఫీ ట్రక్కును చూడండి. దాని ఛాసీ అంతా పైపులతో కట్టినదే, బాడీ ఫైబర్‌గ్లాస్ తొడుగు, ఇంజిన్ 800 హార్స్‌పవర్‌కు పైమాటే, వెనక చక్రం రెండడుగులకు మించి పైకీ కిందికీ ఆడుతుంది. మామూలు చిన్న పికప్‌లో ముందు చక్రం ఆడేది సుమారు 7, 8 అంగుళాలు. రెండూ నడవాల్సింది అదే ఎడారిలో.

చిన్న పికప్‌లకు క్లాస్ 7ఎస్, పెద్ద వాటికి స్టాక్ ఫుల్, పాత ఫోక్స్‌వాగన్ బీటిళ్లకు క్లాస్ 11, జీప్ చెరొకీ లాంటి వాటికి జీప్‌స్పీడ్ అనే పేర్లు మీకు వినపడతాయి. సంస్థను బట్టి, ఏడాదిని బట్టి ఇవి మారుతుంటాయి. అందుకే స్పానర్ పట్టుకునే ముందు మీరు దిగబోయే సంస్థ రూల్‌బుక్ ప్రింట్ తీసుకుని మీ క్లాసు పేజీలు రెండుసార్లు చదవండి. స్టాక్ క్లాసుల్లో సాధారణంగా ‘చెయ్యొచ్చు’ అని రాసి ఉంటేనే చెయ్యాలి. ఎక్కడా వద్దనలేదు కదా అని చేసేస్తే టెక్ ఇన్‌స్పెక్షన్ దగ్గర, అంటే రేసుకు ముందు బండిని తనిఖీ చేసే చోట, ఆపేస్తారు. అనుమానం వస్తే సంస్థకు మెయిల్ పెట్టి, వచ్చిన జవాబును ప్రింట్ తీసి ట్రక్కులోనే ఉంచుకోండి.

స్టాక్ బండితో నిజంగా అంత దూరం పోగలమా?

పోగలం. 1967లో నోరా సంస్థ టిహ్వానా నుంచి లా పాజ్‌కు మొదటిసారి మెక్సికన్ 1000 (ఇదే తర్వాత బాహా 1000 అయింది) నడిపినప్పుడు ట్రోఫీ ట్రక్కు అనేదే లేదు. బీటిల్ భాగాల మీద కట్టిన మేయర్స్ మాంక్స్ బగ్గీ 27 గంటల 38 నిమిషాల్లో చేరి గెలిచింది. 1969లో రాడ్ హాల్, లారీ మైనర్ ఫోర్డ్ బ్రాంకోలో మొత్తం రేసునే గెలిచారు. ఆ రాడ్ హాల్ ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రొడక్షన్ బండ్ల క్లాసులనే నమ్ముకుని, దాదాపు 80 ఏళ్ల వయసులో 2017 బాహా 1000లో కూడా స్టీరింగ్ పట్టాడు. స్టాక్ క్లాసంటే డబ్బు లేనివాళ్లు సర్దుకునే చోటు అనుకునేవాళ్లకు నేను ఆయన పేరే చెబుతాను.

ఏ ట్రక్కు తీసుకోవాలి?

చిన్న పికప్‌లలో ఎక్కువమంది చూసేది ఫోర్డ్ రేంజర్. 1983 నుంచి 1997 దాకా వచ్చిన టూ వీల్ డ్రైవ్ రేంజర్లలో ముందు ‘ట్విన్ ఐ-బీమ్’ సస్పెన్షన్ ఉంటుంది. రెండు బరువైన బీములు, వాటిని పట్టి ఉంచే రేడియస్ ఆర్ములు, కాయిల్ స్ప్రింగులు, అంతే. చూడ్డానికి మోటుగా ఉన్నా దెబ్బకు తట్టుకుంటుంది, పగిలితే ఎడారిలోనే వెల్డ్ చేసుకోవచ్చు. 1998 నుంచి కంట్రోల్ ఆర్ముల డిజైన్ వచ్చింది. అదీ మంచిదే, కానీ బాల్ జాయింట్లు, బుష్‌లు ఎక్కువ. 1994 నుంచి వచ్చిన మాజ్దా బి-సిరీస్ పికప్ కూడా లోపల రేంజరే కాబట్టి, పార్టులకు దాన్నీ లెక్కలో పెట్టుకోండి.

టొయోటా పాత పికప్‌లో 2.4 లీటర్ 22ఆర్‌ఈ ఇంజిన్ పవర్ తక్కువ, ఓపిక ఎక్కువ. అయితే టొయోటాలకు పాతబడినా ధర తగ్గదు. జీప్ వైపు వెళ్తే 4.0 లీటర్ సిక్స్ సిలిండర్ ఇంజిన్ ఉన్న చెరొకీ మంచి ఎంపిక.

నా సలహా అడిగితే ఇంజిన్ కంటే ముందు ఛాసీ చూడమంటాను. అసలు చూడాల్సింది తుప్పు. ఇంజిన్ పాడైతే మార్చుకోవచ్చు, తుప్పు పట్టిన ఛాసీ మీద రోల్ కేజ్ (బోల్తా పడినప్పుడు లోపలివాళ్లను కాపాడే పైపుల చట్రం) వెల్డ్ చేస్తే ఆ కేజ్‌కు ఆధారమే ఉండదు. ఇంకో సంగతి, మీ ఊరి పాత సామాన్ల యార్డులో ఏ మోడల్ ఎక్కువగా పడి ఉందో చూసుకోండి. రేసుకు రెండు రోజుల ముందు స్టీరింగ్ నకిల్ (ముందు చక్రాన్ని పట్టి తిప్పే ముక్క) కావాల్సి వస్తే దాన్ని బట్టే మీ పని అవుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాలా?

అక్కర్లేదు. ముందు హౌసింగ్ (యాక్సిల్, దాని గేర్లు ఉండే పెట్టె), షాఫ్టులు, పవర్‌ను ముందు చక్రాలకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే బరువు, ఖర్చు, విరగడానికి మరిన్ని వస్తువులు. టూ వీల్ డ్రైవ్, మంచి టైర్లు, ఇసుకలో ఊపు తగ్గనివ్వని డ్రైవింగ్ చాలు. ఇసుక పలకలు రెండు, ఒక పార మాత్రం మరవొద్దు.

సొంతంగా కట్టుకోవాలా, ఎవరో కట్టిన రేసు ట్రక్కు కొనాలా?

డబ్బు మాత్రమే లెక్కయితే కొనడమే చవక. కట్టినాయన పెట్టిన ఖర్చులో చాలా భాగం అమ్మేటప్పుడు తిరిగి రాదు, ఆ లాభం మీదవుతుంది. కానీ ఆ ట్రక్కు ఇప్పటి రూల్స్‌కు సరిపోతుందో లేదో కేజ్ పైపుల మందం దగ్గర్నుంచి చూడాలి. బెల్టులు, ఫ్యూయెల్ సెల్ (రేసు పెట్రోల్ ట్యాంకు) లోపలి రబ్బరు సంచి అయిన బ్లాడర్, మంటలార్పే సిలిండర్ల తేదీలు అయిపోయి ఉంటాయని ముందే అనుకుని ధర మాట్లాడండి. పెయింట్ కొత్తగా మెరుస్తుంటే దాని కింద పాత పగుళ్లు ఉన్నాయేమో లైటు వేసి వెతకండి.

సొంతంగా కడితే ఇంకో లాభం ఉంది. రాత్రి పదకొండింటికి, దుమ్ములో, హెడ్‌లైట్ వెలుగులో ఏ బోల్టు ఏ సైజో మీకు తడుముకోకుండా తెలుస్తుంది. వెల్డింగ్ రాని, మెకానిక్ పని అలవాటు లేనివాళ్లకు మాత్రం కొన్నదాన్ని విప్పి మళ్లీ బిగించుకోవడమే మంచి బడి.

మొత్తం ఎంతవుతుంది?

అందరూ ట్రక్కు ధర దగ్గర మొదలుపెడతారు, నిజానికి అది లెక్కలో చిన్న భాగం. పెద్ద భాగాలు మూడు: భద్రత సామగ్రి, షాకులు-టైర్లు, రేసు రోజుల ఖర్చు. ఆఖరిది చాలామంది మర్చిపోతారు. ఎంట్రీ ఫీజు, ట్రక్కును లాక్కెళ్లే బండి పెట్రోలు, గదులు, వెంట వచ్చేవాళ్ల భోజనాలు, రెండు మూడు అదనపు టైర్లు ఇవన్నీ కలిస్తే ఒక సెట్ మంచి షాకుల ఖర్చుకు తక్కువ కాదు.

సుమారుగా చెప్పాలంటే ఒక సెట్ రేసు బెల్టులు 100 నుంచి 200 డాలర్లు, కారు రేసు హెల్మెట్ 300 డాలర్ల దగ్గర్నుంచి పైకి, సరైన ఫ్యూయెల్ సెల్ అయితే వెయ్యి డాలర్లు దాటుతుంది. ఇద్దరు కూర్చుంటారు కాబట్టి హెల్మెట్, సూట్, మెడ రక్షణ, సీటు అన్నీ రెండేసి. మొదటి రేసుకు అయ్యే డబ్బును ట్రక్కు పని మొదలుపెట్టకముందే విడిగా పెట్టి, ఆ డబ్బు ముట్టుకోకండి. గ్యారేజీల్లో సగంలో ఆగిపోయిన ట్రక్కుల్లో చాలా వాటికి కారణం పని రాకపోవడం కాదు, పని పూర్తయ్యేసరికి రేసుకు డబ్బు మిగలకపోవడం.

రోల్ కేజ్ నేనే వెల్డ్ చేసుకోవచ్చా?

మీ వెల్డింగ్ మీద ఇద్దరి ప్రాణాలు పెట్టగలనన్న ధైర్యం ఉంటేనే. లేకపోతే పైపులు వంచి, కొలిచి, టాక్ వేయడం, అంటే అక్కడక్కడ చుక్కలుగా అతికించడం, మీరు చేసుకుని, పూర్తి వెల్డింగ్ అనుభవం ఉన్నవాళ్లతో చేయించండి. డబ్బు చాలావరకు అలాగే ఆదా అవుతుంది.

చిన్న ట్రక్కులకు ఎక్కువగా వాడేది 1.75 అంగుళాల వ్యాసం, 0.120 అంగుళాల మందం ఉన్న డీఓఎం పైపు, అంటే అచ్చు మీదుగా లాగి కచ్చితమైన సైజుకు తెచ్చిన ఉక్కు పైపు. బండి బరువును బట్టి కనీస సైజు ఎంతో రూల్‌బుక్ పట్టికలో ఉంటుంది, దానికంటే తగ్గకండి. వంపు దగ్గర పైపు నొక్కుకుపోతే ఆ ముక్క పక్కన పెట్టేయాల్సిందే. కేజ్ కాళ్లు రేకు ఫ్లోర్ మీద కాదు, ఛాసీకి పట్టాలి. సీటూ అంతే, ఫ్లోర్‌కు బిగించిన సీటు బోల్తా పడినప్పుడు రేకుతో సహా లేచి వస్తుంది.

పైపు వంచకముందే ఒక పని చేయండి. రేసు సీటు పెట్టి, హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కూర్చుని కొలతలు తీయండి. హెల్మెట్‌కూ పై పైపుకూ మధ్య కనీసం 3 అంగుళాలు ఉండాలి. పొడుగు కో-డ్రైవర్‌ను కూడా కూర్చోబెట్టి చూడండి. తల తగిలే అవకాశం ఉన్న ప్రతి పైపుకూ గట్టి ప్యాడింగ్ కావాలి, ఇంటి దగ్గర నీళ్ల పైపులకు చుట్టే మెత్తటి ఫోమ్ పనికిరాదు.

హెల్మెట్, బెల్టులు, సూట్‌ల మీద ఉండే నంబర్లకు అర్థమేమిటి?

హెల్మెట్ లోపల స్నెల్ (హెల్మెట్లను పరీక్షించే సంస్థ) స్టిక్కర్ మీద ‘ఎస్ఏ’ అని ఉండాలి. ఎస్ఏ2015, ఎస్ఏ2020, ఎస్ఏ2025 ఇలా అయిదేళ్లకోసారి కొత్త ప్రమాణం వస్తుంది. మీ సంస్థ ఏ సంవత్సరం దాకా ఒప్పుకుంటుందో అడగండి. ‘ఎం’ అని ఉంటే అది మోటార్‌సైకిల్ హెల్మెట్. ఎస్ఏకు మంట పరీక్ష ఉంటుంది, కేజ్ పైపుకు తల తగిలినట్టు చేసే పరీక్ష కూడా ఉంటుంది, ఎంకు ఈ రెండూ ఉండవు.

ఎస్ఎఫ్ఐ, ఎఫ్ఐఏ అనేవి రేసు సామగ్రికి ప్రమాణాలు పెట్టే సంస్థలు. బెల్టులపై ఎస్ఎఫ్ఐ 16.1 ట్యాగ్ ఉంటే తయారైన తేదీ నుంచి రెండేళ్లే చెల్లుతాయి. ఎఫ్ఐఏ ట్యాగ్ ఉన్నవి అయిదేళ్లు వస్తాయి. ఎండకూ దుమ్ముకూ పట్టీల దారం బలం పోతుంది, పైకి చూస్తే మాత్రం తెలియదు. ఆఫర్‌లో దొరికాయని కొనే ముందు ట్యాగ్ మీద తేదీ చూడండి, షాపులో ఏడాది పడి ఉన్న బెల్టుకు మీ చేతికొచ్చేసరికి సగం ఆయుష్షు అయిపోయి ఉంటుంది.

సూట్‌లో ఎస్ఎఫ్ఐ 3.2ఏ/1 అంటే ఒక్క పొర, మంటలో సుమారు 3 సెకన్లు ఆపుతుంది. 3.2ఏ/5 సుమారు 10 సెకన్లు. బెల్టులు విప్పుకుని, రేడియో వైరు, హెల్మెట్‌కు గాలి తెచ్చే గొట్టం పీకి, విండో నెట్ తీసి బయటపడడానికి మీకెంత పడుతుందో ఒకసారి టైమ్ చూసుకోండి. ఆ తర్వాత ఏ సూట్ కొనాలో ఎవరినీ అడగక్కర్లేదు.

ఇంజిన్ పవర్ ఎంత పెంచాలి?

మొదటి ఏడాది పెంచకండి. వూప్స్‌లో, అంటే వరుసగా వచ్చే ఇసుక గుట్టల మీద, మీ వేగాన్ని ఆపేది ఇంజిన్ కాదు, షాకులు. ఇంజిన్‌లో పెట్టాలనుకున్న డబ్బును చల్లబరచడానికీ, శుభ్రమైన గాలి అందించడానికీ పెట్టండి.

కొత్త రేడియేటర్, కొత్త హోసులు, థర్మోస్టాట్, వాటర్ పంపు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే విడిగా ఫ్యాన్ ఉన్న ఆయిల్ కూలర్. డాష్‌బోర్డ్ మీద లైట్లు సరిపోవు, నీటి వేడి, ఆయిల్ ప్రెషర్ చూపించే మీటర్లు పెట్టి కో-డ్రైవర్‌కు కూడా కనపడేలా అమర్చండి.

గాలి విషయం ఇంకా ముఖ్యం. బాహాలో ‘సిల్ట్’ ఉంటుంది, పిండిలా మెత్తటి దుమ్ము, కొన్నిచోట్ల చక్రం సగం మునిగేంత లోతు. ఫ్యాక్టరీ ఎయిర్ బాక్స్ సాధారణంగా ముందు చక్రం పక్కనే ఉంటుంది, అంటే దుమ్ము లేచే చోటే. రూల్స్ ఒప్పుకుంటే గాలి తీసుకునే చోటును ఎత్తుకు, వీలైతే క్యాబ్ వైపు మార్చండి. పెద్ద ఫిల్టర్, దాని మీద పలచటి ప్రీ-ఫిల్టర్ తొడుగు పెట్టండి. గొట్టం కీళ్ల దగ్గర వేలు పెట్టి తుడిచి చూడండి. ఫిల్టర్ దాటాక లోపలి వైపు దుమ్ము గీత కనిపిస్తే ఆ క్లాంపు గాలి పీలుస్తోందని అర్థం. అలాగే వదిలేస్తే పిస్టన్ రింగులు అరిగిపోతాయి.

పాత ఫోర్డ్ ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటర్‌కు అంటిపెట్టుకుని ఉండే టీఎఫ్ఐ ఇగ్నిషన్ మాడ్యూల్ (స్పార్క్‌ను నడిపేది) వేడికి ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. మీది ఆ తరం ఇంజిన్ అయితే ఒక కొత్త మాడ్యూల్, దాన్ని విప్పే సన్నటి సాకెట్, థర్మల్ పేస్ట్ కలిపి ఒక సంచిలో కట్టి ట్రక్కులో ఉంచండి.

షాకుల గురించి అందరూ అంతగా ఎందుకు చెబుతారు?

గుట్ట ఎక్కి దిగిన ప్రతిసారీ ట్రక్కు ఊపులోని శక్తినంతా షాక్ లోపలి ఆయిల్ వేడిగా మార్చుకుంటుంది. రోడ్డు మీద ఆ వేడి నెమ్మదిగా పోతుంది, వూప్స్‌లో పోయే టైమే ఉండదు. మామూలు షాక్‌లో ఆయిల్ వేడెక్కి, గాలితో కలిసి నురగవుతుంది. నురగలో పిస్టన్‌కు అడ్డు ఉండదు కాబట్టి బండి గంతులు మొదలుపెడుతుంది. అప్పుడు వేగం తగ్గించడం తప్ప డ్రైవర్ చేయగలిగింది లేదు.

అందుకే ఆయిల్ ఎక్కువ పట్టే షాక్ కావాలి. 2 అంగుళాల షాక్ బదులు 2.5 అంగుళాలది పెడితే అదే పొడవులో ఆయిల్ సుమారు ఒకటిన్నర రెట్లు. విడిగా రిజర్వాయర్ ఉంటే ఇంకా మేలు. లోపల నైట్రోజన్‌ను సుమారు 200 పీఎస్ఐ దాకా నింపుతారు, అది ఆయిల్‌ను నొక్కిపెట్టి నురగ రానివ్వదు. మీ క్లాసులో ఒక్కో చక్రానికి ఎన్ని షాకులు, ఎంత సైజు దాకా అన్నది ముందు చూసుకోండి.

కొత్తవి కొనలేకపోతే విప్పి సీల్స్ మార్చుకోగలిగే రకాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొనండి. సీల్ కిట్, ఆయిల్ ఖర్చు తక్కువే. షాఫ్ట్ వంగలేదనీ, క్రోమ్ మీద గీతలు లేవనీ వేలి గోరుతో గీసి చూడండి. గోరు గీతలో పట్టుకుంటే ఆ షాక్ వద్దు.

ఎంత మంచి షాకునైనా రెండు చివరల దగ్గరా కాపాడాలి. చక్రం పైకి వచ్చినప్పుడు షాక్ అడుగు తగలకముందే బంప్ స్టాప్ (దెబ్బను ఆపే దిమ్మ) తగలాలి. చక్రం గాలిలో వేలాడినప్పుడు షాక్ పూర్తిగా సాగకముందే లిమిట్ స్ట్రాప్ (చక్రాన్ని ఇంకా కిందికి పోనివ్వని పట్టీ) బిగుసుకోవాలి. రెండోదాన్ని కొలవడం ఇలా: ఛాసీని స్టాండ్ల మీద ఎత్తి, స్ట్రాప్ లేకుండా చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడనివ్వండి. షాఫ్ట్ ఎంత బయటకు వచ్చిందో కొలిచి రాసుకోండి. ఇప్పుడు స్ట్రాప్ బిగించి మళ్లీ కొలవండి. రెండో కొలత కనీసం అర అంగుళం తక్కువ ఉండాలి, ఎందుకంటే చక్రం బరువు విసురుగా పడినప్పుడు స్ట్రాప్ సాగుతుంది. కొత్త స్ట్రాప్ మొదటి రేసులోనే కొంత సాగిపోతుంది కాబట్టి తర్వాత మళ్లీ కొలవాల్సిందే. గ్యారేజీలో ఒక సాయంత్రం పట్టే పని. చేయకపోతే దూకిన ప్రతిసారీ షాక్ మౌంట్ వెల్డ్ మీద సుత్తి దెబ్బ పడుతుంది, రేసు మధ్యలో అది ఊడి వస్తుంది.

ముందు వైపు ముందుగా విరిగేది ఏది?

రేంజర్ బీమ్ సస్పెన్షన్‌లో బీమ్ పివట్ బ్రాకెట్లు, రేడియస్ ఆర్మ్ ఛాసీకి పట్టే చోటు, టై రాడ్ చివరలు. బ్రాకెట్ల చుట్టూ పలక వెల్డ్ చేసి బలపరచడానికి రూల్స్ ఒప్పుకుంటాయేమో చూసుకోండి, చాలాచోట్ల ఒప్పుకుంటాయి. ఏ ట్రక్కుకైనా స్టీరింగ్ బాక్స్ బిగించే చోట ఛాసీ పగులుతుందేమో గమనించాలి. చక్రాల బేరింగుల్లో పాత గ్రీజు పూర్తిగా కడిగి, వేడికి తట్టుకునే కొత్త గ్రీజును రోలర్ల మధ్య నుంచి అవతలికి వచ్చేదాకా కూరాలి. ఒక టై రాడ్ సెట్, ఒక వైపు హబ్ బేరింగులతో సహా తయారుగా బిగించి ఉంచినది స్పేర్‌గా పెట్టుకోండి.

వెనక హౌసింగ్ మార్చాలా?

చిన్న రేంజర్లలో వచ్చే 7.5 అంగుళాల హౌసింగ్ రేసుకు చాలదు. 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌లోని 8.8 అంగుళాల హౌసింగ్‌కు 31 స్ప్లైన్ల (షాఫ్ట్ చివర ఉండే పళ్ల) యాక్సిళ్లు, డిస్క్ బ్రేకులు ఉంటాయి, పాత సామాన్లలో తేలిగ్గా దొరుకుతుంది. మీ క్లాస్ ఒప్పుకుంటే చవకలో ఇంతకు మించింది లేదు.

ఒక్క సంగతి మాత్రం తెలిసే పెట్టుకోండి. ఆ హౌసింగ్‌లో యాక్సిల్ షాఫ్ట్‌ను లోపల ఒక చిన్న సీ-క్లిప్ పట్టి ఉంచుతుంది. షాఫ్ట్ విరిగితే పట్టుకునేది ఏదీ ఉండదు, చక్రం షాఫ్ట్ ముక్కతో సహా బయటకు వచ్చేస్తుంది. కాబట్టి షాఫ్టులు కొత్తవి వేసుకోండి, సీల్ దగ్గర అరిగిన గాడి ఉన్న షాఫ్ట్ పక్కన పెట్టేయండి.

కమాన్ కట్టలు, అంటే లీఫ్ స్ప్రింగులు పాతవే ఉంచి ఎత్తు కోసం మధ్యలో దిమ్మలు పెట్టకండి. దిమ్మ ఎంత ఎత్తయితే యాక్సిల్ అంతగా మెలి తిరిగి ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్లను తినేస్తుంది. పలచటి ఆకులు ఎక్కువగా ఉన్న రేసు కట్ట చేయించుకోండి.

ఏ టైర్లు?

పక్క గోడ మందంగా ఉన్న ఆల్-టెర్రైన్. చాలా క్లాసుల్లో రోడ్డు మీద వాడేందుకు అనుమతి ఉన్న టైరే ఉండాలంటారు. బీఎఫ్ గుడ్రిచ్ 1976లో ఆల్-టెర్రైన్ టైరును తెచ్చినప్పుడు బాహానే దానికి పరీక్షా స్థలం, ఇప్పటికీ అక్కడ అది మామూలు దృశ్యమే. సైజు పెంచాలనే ఆశ తగ్గించుకోండి, పెద్ద టైరు బేరింగులను, బ్రేకులను, గేర్ నిష్పత్తిని అన్నింటినీ కదిలిస్తుంది. స్టెప్నీలు రెండు తప్పనిసరి, ఎడారి రాళ్ల మీద ఒకటి సరిపోదు.

వైరింగ్ పాతదే ఉంచొచ్చా?

ఇంజిన్‌కు సంబంధించినది ఉంచండి, మిగతాది తీసేయండి. లైట్లు, రేడియో, జీపీఎస్, గాలి పంపు అన్నింటికీ విడివిడిగా ఫ్యూజులు, రిలేలు, ప్రతి వైరు మీదా పేరు. వైరు రేకు దాటే ప్రతి చోటా రబ్బరు వాషర్. బ్యాటరీని లోహపు పట్టీతో బిగించండి, బయటి నుంచి కూడా అందే కిల్ స్విచ్ (కరెంటంతా ఒకేసారి ఆపేది) పెట్టండి. వెనక వైపు దుమ్ములో కనపడే పసుపు లైటు చాలా సంస్థల్లో తప్పనిసరి. ఇగ్నిషన్ వేస్తే అదీ వెలిగేలా కలపండి, రేసులో మనం మర్చిపోయే స్విచ్ అదే.

ఫ్యాక్టరీ పెట్రోల్ ట్యాంకు సరిపోదా?

కొన్ని క్లాసుల్లో ఒప్పుకుంటారు. నేనైతే ఫ్యూయెల్ సెల్ కోసం ఇంకొన్ని నెలలు ఆగమంటాను. లోపల రబ్బరు బ్లాడర్, దానిలో ఫోమ్, చుట్టూ లోహపు పెట్టె. బోల్తా పడినా, గుద్దుకున్నా పెట్రోల్ బయటికి పారదు. క్యాబ్‌కూ సెల్‌కూ మధ్య రేకు గోడ పూర్తిగా మూసి ఉండాలి.

కో-డ్రైవర్ ఏం చేయాలి?

జీపీఎస్ చూసి మలుపులు, ప్రమాదాలు ముందే చెప్పాలి, మీటర్లు చూడాలి, రేడియో మాట్లాడాలి, వెనక వచ్చేవాళ్లను గమనించాలి, టైరు పోతే ముందుగా దిగాలి. కడుపు తిప్పకుండా స్క్రీన్ చదవగలిగే మనిషి కావాలి. స్నేహం కంటే అదే ముఖ్యం. బాహాలో 151.625 మెగాహెర్ట్జ్ మీద ‘వెదర్‌మ్యాన్’ ఛానల్‌లో ఎక్కడ ఎవరు ఆగారో, ఎవరికి వైద్యం కావాలో అందిస్తారు. అది మీ రేడియోలో ప్రోగ్రామ్ చేసి ఉండాలి.

మొదటి రేసుగా బాహా 1000 పెట్టుకోవచ్చా?

వద్దు. కాలిఫోర్నియాలోని బార్స్‌టో చుట్టుపక్కల మోర్ సంస్థ, లాస్ వెగాస్ వైపు 1969 నుంచి ఉన్న స్నోర్ సంస్థ పెట్టే చిన్న రేసులతో మొదలుపెట్టండి. అక్కడ ఒకే చుట్టును మళ్లీ మళ్లీ తిరగాలి. ప్రతి చుట్టుకూ మీ పిట్ (మీవాళ్లు పెట్రోలు, సామాన్లతో ఉండే చోటు) ముందు నుంచే వెళ్తారు, ఏదైనా విరిగితే మీవాళ్లు దగ్గర్లోనే ఉంటారు. ఒక చుట్టుకు ఎంత పెట్రోల్ తాగుతుందో కూడా అక్కడే కచ్చితంగా తెలుస్తుంది. ఆ లెక్క చేతిలో ఉన్నాక మింట్ 400, వెగాస్ టు రీనో, శాన్ ఫెలిపే 250 లాంటివి ఆలోచించండి. శాన్ ఫెలిపే పేరుకు 250 మైళ్లే, కానీ అక్కడి వూప్స్ షాకులను ఉడికిస్తాయి.

ఎంత వేగంగా పోవాలి?

ఒక లెక్క చూడండి. 250 మైళ్ల రేసును గంటకు సగటున 30 మైళ్లతో నడిపితే 8 గంటల 20 నిమిషాలు. అదే 33 మైళ్లతో అయితే 7 గంటల 35 నిమిషాలు. ట్రక్కును పది శాతం ఎక్కువగా బాదినందుకు మిగిలింది 45 నిమిషాలు. ఒక్కో టైరు మార్చడానికి 15 నిమిషాలు పడితే, ఆ తొందరలో మూడు టైర్లు పోగొట్టుకుంటే చాలు, అదంతా పోయినట్టే.

అందుకే నా దృష్టిలో చవకగా వేగం పెంచుకునే మార్గం టైరు మార్చడం సాధన చేయడం. హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని, రాత్రిపూట, మెత్తటి మట్టిలో చేయండి. జాకీ కింద వేసే పలక ఎక్కడుంది, నట్లు విప్పే బ్యాటరీ గన్ ఏ చేతికి అందుతుంది, పాత టైరును ఎవరు కట్టాలి అన్నది ఇద్దరికీ మాట్లాడుకోకుండా తెలియాలి. అయిదు నిమిషాల్లోపు చేయగలిగేదాకా ఆపకండి.

వెనక నుంచి పెద్ద ట్రక్కు వస్తే?

దారి ఇవ్వండి, వెంటనే, ఊహించగలిగేలా. పొడవాటి రేసుల్లో వేగమైన క్లాసులు ముందు బయలుదేరతాయి కాబట్టి మీకు ఎక్కువగా తవ్వి వదిలేసిన దారే మిగులుతుంది. చుట్టు రేసుల్లో మాత్రం వాళ్లు మళ్లీ వెనక నుంచి వస్తారు. ట్రాకర్ (బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో నమోదు చేసే పరికరం) అలారం మోగితే కో-డ్రైవర్ ‘వెనక బండి’ అనాలి, మీరు దారి తిన్నగా ఉన్న చోట ఒక పక్కకు పూర్తిగా తీయాలి. మలుపు మధ్యలో సగం తీసి సగం ఉండిపోవడమే ప్రమాదం. ఆ ట్రక్కు దాటాక లేచే దుమ్ములోకి గుడ్డిగా దూరకండి, గాలి ఎటు వీస్తోందో చూసి దుమ్ము పక్కకు జరిగేదాకా ఆగండి.

బాహాకు వెళ్లేముందు అదనంగా ఏం చూసుకోవాలి?

వెంట వచ్చే ప్రతి మామూలు బండికీ మెక్సికోలో చెల్లే ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలి. ప్రతి ఒక్కరికీ పాస్‌పోర్ట్, పర్యాటక అనుమతి పత్రం, చేతిలో కొన్ని పెసోలు. పెమెక్స్ బంకుల్లో మామూలు పెట్రోల్ 87 ఆక్టేన్, మీ ఇంజిన్ స్టాక్ కంప్రెషన్‌లో ఉంటే దానితోనే నడుస్తుంది. ఇంజిన్ జోలికి వెళ్లొద్దనడానికి ఇదీ ఒక కారణం. సొంత మనుషులు తక్కువుంటే మ్యాగ్ 7 లాంటి పిట్ సర్వీసుల్లో చేరితే దారి పొడవునా పెట్రోల్, చిన్న రిపేర్లు దొరుకుతాయి. రేసు దారిలో కొంత భాగం మామూలు హైవే, అక్కడ వేగ పరిమితి దాటితే ట్రాకర్ చెప్పేస్తుంది, పెనాల్టీ పడుతుంది. జనం గుంపుగా నిలబడి ఫోన్లు పట్టుకుని ఉన్నచోట వేగం తగ్గించండి. అక్కడ గుంతో, చూడ్డానికి సరదాగా ఉంటుందని తవ్విన గట్టో ఉండే అవకాశం ఎక్కువ.

రేసు ట్రక్కును రోడ్డు మీద నడపొచ్చా?

రిజిస్ట్రేషన్, లైట్లు ఉంటే కుదురుతుంది, కానీ హెల్మెట్ లేకుండా కేజ్ ఉన్న బండిలో తిరగడం మంచిది కాదు. ట్రైలర్ మీద తీసుకెళ్లండి. విరిగిన ట్రక్కు ఇంటికి రావాలన్నా ట్రైలరే దిక్కు.

రేసు అయ్యాక ట్రక్కును ఎలా చూసుకోవాలి?

ముందు కడగకండి. ఆ దుమ్ములోనే సమాచారం ఉంటుంది. ఎక్కడ ఆయిల్ తడి ఉంటే అక్కడ దుమ్ము ముద్దకట్టి ఉంటుంది, ఎక్కడ బోల్టు వదులైతే దాని చుట్టూ మెరిసే వలయం కనిపిస్తుంది. ఫొటోలు తీసుకుని అప్పుడు కడగండి.

కడిగాక చక్రాలు నాలుగూ విప్పి, చేతి లైటును వెల్డ్ పక్కనుంచి వాలుగా వేసి చూడండి. పగులు ముందు పెయింట్‌లో వెంట్రుక మందంలో గీతగా కనిపిస్తుంది, కొన్ని రోజులకు అందులోంచి ఎర్రటి తుప్పు గీత వస్తుంది. ఛాసీకి, కేజ్‌కు తెల్లటి లేదా లేత బూడిద రంగు వేయమనేది ఇందుకే, నల్ల రంగు మీద ఇవి కనపడవు. ముఖ్యమైన ప్రతి బోల్టుకూ బిగించాక నట్టు మీంచి బ్రాకెట్ మీదికి రంగు పెన్నుతో అడ్డంగా గీత గీయండి. పిట్‌లో ఆగిన ఒక నిమిషంలోనే, గీత తెగిన నట్టు ఏదో లైటు వేస్తే తెలిసిపోతుంది.

తర్వాత బేరింగుల్లో కొత్త గ్రీజు, హౌసింగ్‌లో, గేర్‌బాక్స్‌లో కొత్త ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఫ్లూయిడ్. వడకట్టిన హౌసింగ్ ఆయిల్‌లో అయస్కాంతానికి సన్నటి పొడి అంటుకుంటే ఫర్వాలేదు, గోరంత ముక్కలు వస్తే హౌసింగ్ విప్పాల్సిందే. ఏ పార్టు ఎన్ని రేసు మైళ్లు తిరిగిందో ఒక నోట్‌బుక్‌లో రాస్తూ పోండి. ఒకసారి ఒక యాక్సిల్ ఎన్ని మైళ్లకు విరిగిందో తెలిస్తే, తర్వాతి దాన్ని ఆ మైళ్ల కంటే ముందే తీసేసి స్పేర్ల పెట్టెలో పెట్టుకోవచ్చు.